నేను కూర్చుంటే నడిచిన కంప్యూటరు

రిటైర్మెంటుకు ఇంకో ఏడాది ఉందనగా, ఎండాకాలం మొదట్లో, నన్ను సిద్దిపేట పట్టణంలో ఇంటర్నెట్ ఫిర్యాదుల పని మీద వేశారు. అంతకుముందంతా నారాయణరావుపేట వైపు టెలిఫోన్ స్తంభాలెక్కిన మనిషిని. శాఖలో చేరింది మజ్దూరుగా, అంటే కేబులు కోసం గోతులు తవ్వేవాడిగా. ముప్పై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకొని, పరీక్ష రాసి మెకానిక్‌నయ్యాను. నా రాత మొరటుగా ఉంటుంది. చదివేవాళ్లే సర్దుకోవాలి.

ఫిర్యాదు వస్తే మా పద్ధతి ఒకటే. లోపం లైనులో ఉందా, మోడెంలో ఉందా, కంప్యూటరులో ఉందా అని విడదీసి చూడాలి. మొదటి రెండూ మా బాధ్యత. మూడోది కస్టమరుది. మావి రెండూ బాగుంటే ‘లైన్ ఓకే’ అని రాసి ఫిర్యాదు మూసేయాలి. చెప్పుకోవడానికి సులువుగానే ఉంటుంది.

ఆ ఫిర్యాదు ఒక చేనేత సంఘం నుంచి వచ్చింది. పెద్ద ఫైళ్లు దింపుకునేటప్పుడు కంప్యూటరు నత్తలా పాకుతోందట. దాని ముందు పనిచేసే అమ్మాయి పేరు బాలమణి. హైదరాబాదు వ్యాపారులు పంపే బొమ్మలను దింపుకొని, మగ్గం మీద ఎక్కేటట్టు గడులుగా మార్చడం ఆమె పని. సిద్దిపేట చీరల మీది గొల్లభామ బొమ్మయినా, ఇంకో బొమ్మయినా ఆమె చేతి మీదుగా పోవలసిందే. సంఘం కార్యదర్శి సత్తయ్య. చేతులు కాయలు కాసేదాకా మగ్గం నేసినవాడు, కంప్యూటరును ఏనాడూ నమ్మనివాడు.

“ఈ పిల్ల కూసుంటే కంప్యూటర్ సుత పండుకుంటది యాదన్నా,” అన్నాడు నేను లోపల అడుగుపెట్టగానే.

“పండుకునేది గది కాకా, నేను గాదు,” అంది బాలమణి తల తిప్పకుండానే.

సత్తయ్య మర్యాద తెలిసిన మనిషి. ఇనుప కుర్చీ కాలుతుందని దాని మీద ఒక మందపాటి దుప్పటి మడతపెట్టి వేశాడు. చాయ్ తెప్పించాడు. తాగి, కుర్చీలో కూర్చొని, ఒక పెద్ద ఫైలు దింపి చూశాను. గుర్రంలా పరుగెత్తింది. ‘లైన్ ఓకే’ అని రాసి వచ్చేశాను. బస్టాండు దాటకముందే ఫోను. మళ్లీ పండుకుందట.

ఆ వారమంతా అదే తంతు. మోడెం మార్చాను. వైరు మార్చాను. డిస్కులో పేరుకున్న పాత ఫైళ్లు తీసేయించాను. మగ్గాల దగ్గరివాళ్లు ఫోన్లలో సినిమాలు చూస్తున్నారేమోనని వైఫై పాస్‌వర్డ్ మార్చి నలుగురితో తిట్లు తిన్నాను. నేనున్నంతసేపూ కంప్యూటరు బుద్ధిగా నడిచేది. నేను గడప దాటితే మొరాయించేది.

“గది నిన్ను జూస్తే భయపడ్తది,” అన్నాడు సత్తయ్య. “నీ ఫోటో ఒకటియ్యి, దాని మీద అంటిస్త.”

“ఇయ్యాల ఫోటో అంటవు, రేపు దండేస్తవు. నాకొద్దు,” అన్నాను.

నవ్వులు అక్కడితో అయిపోయాయి. లైను బాగుంది, మోడెం బాగుంది, నా ముందు కంప్యూటరూ బాగుంది. ఇక మిగిలింది బాలమణి ఒక్కతే అని సత్తయ్య లెక్క వేశాడు. సోమవారం పొద్దుగూకేలోపు కొత్త బొమ్మ దిగకపోతే ఆ పని హైదరాబాదుకే ఇచ్చేస్తానని, ఆమె ఇక రానక్కరలేదని తేల్చి చెప్పాడు. నేను రాసిన ‘లైన్ ఓకే’ ఆ అమ్మాయి మెడకే చుట్టుకుంది.

సోమవారం మధ్యాహ్నం పోయాను. అంతా బాగుందన్నాను. కుకునూరుపల్లిలో పనుందని అబద్ధమాడాను. వీధంతా వినబడేటట్టు స్కూటరు స్టార్టు చేసి, మలుపు తిరిగి, దాన్ని హోటలు ముందు నిలబెట్టాను. వెనక సందులోంచి వచ్చి మగ్గాల షెడ్డు కిటికీకి ముఖం ఆనించాను. అక్కడినుంచి నడిమి తలుపు గుండా కంప్యూటరు గది కనబడుతుంది. ఆ వయసులో, ఆ ఉద్యోగంలో, చేయదగ్గ పని కాదు. కానీ సరదాగానే ఉంది.

బాలమణి ఫైలు దింపడం మొదలుపెట్టింది. చాలాసేపు పట్టేటట్టుందని లేచి పక్కగదిలోకి పోయింది. వెంటనే సత్తయ్య వచ్చాడు. కుర్చీ మీది దుప్పటి తీసి దులిపాడు. కంప్యూటరు డబ్బాకు నిండుగా కప్పి, అంచులు కిందికి దోపి, పసిపిల్లను నిద్రపుచ్చినట్టు పైన మెల్లగా తట్టి వెళ్లిపోయాడు.

నేతగాళ్ల ఇళ్లలో అది తప్పు కాదు. మగ్గం మీద నుంచి లేచినవాళ్లు నేసినంత మేర గుడ్డ కప్పే లేస్తారు, లేకుంటే నూలు నూగు పడుతుంది. సత్తయ్యకు కంప్యూటరైనా అంతే. చిన్న పనులప్పుడు బాలమణి ముందే ఉంటుంది కాబట్టి కప్పడు. పెద్ద ఫైలు దిగేటప్పుడే ఆమె లేస్తుంది, అప్పుడే కప్పుతాడు. సరిగ్గా అప్పుడే డబ్బాకు పని ఎక్కువ. వచ్చిన ప్రతి ముక్కనూ వైరస్ ఉందేమో చూసుకోవాలి, డిస్కు మీద రాసుకోవాలి. వేడి బయటికి పోయే దారి లేకపోతే కాలిపోకుండా తనంతట తానే నెమ్మదిస్తుంది. నేను వస్తున్నానంటే చాలు, ఆ దుప్పటి తీసి నాకు ఆసనం వేసేవారు. చాయ్ తాగేలోపు డబ్బా చల్లబడేది. వారం రోజులు నేను లోపం మీదనే కూర్చొని లోపాన్ని వెతికాను.

లోపలికి పోయి ఉన్నమాట చెప్పవచ్చు. కానీ నా ఫోటో అడిగిన మనిషి కదా. డబ్బా బాగా వేడెక్కేదాకా ఆగి లోపలికి పోయి, దాని మీది దుప్పటి లాగి, తల మీదుగా సత్తయ్యకే చుట్టాను.

“గా నూలు మూటలు లేపి గీ మూలకు పెట్టు సత్తన్నా.”

“ఎందుకే?”

“లైన్ టెస్టు.”

ప్రభుత్వ పనంటే ఎదురుచెప్పడు. మోశాడు. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి, అందరూ చూస్తున్నారు. రెండో మూటకే ఆయన కాళ్లు ఈడ్చుకుపోతున్నాయి.

“ఊపిరాడ్తలేదు యాదన్నా. నాతోని కాదు.”

“జల్ది నడువు. లేకుంటే నీ జాగల హైదరాబాద్ మనిషిని పెడ్త.”

అప్పటికి బాలమణి వచ్చి డబ్బా మీద చేయి వేసి, చటుక్కున తీసుకుంది. అది ఇంకా పెనంలా కాలుతోంది. సత్తయ్య దాన్ని చూశాడు, తన మీది దుప్పటిని చూసుకున్నాడు, మెల్లగా తీసేశాడు.

“పండుకున్నది ఎవరు కాకా?” అంది బాలమణి.

“కప్పుతుంటె చూస్తివి గద. చెప్పద్దా?” అన్నాడు సత్తయ్య ఆమెతో.

“మా ఇంట్ల సుత కప్పుతం. నాకేమెరుక?”

ఫ్యానులో చిక్కిన నూగు బ్రష్షుతో తీశాము. సాయంత్రం చాయ్ వచ్చేసరికి బొమ్మ దిగింది. సత్తయ్య హైదరాబాదు మాట మళ్లీ ఎత్తలేదు. నూగు సంగతి మాత్రం నిజమే కాబట్టి, ఆ దుప్పటినే షెడ్డుకూ కంప్యూటరు గదికీ నడిమి తలుపుకు పరదాగా కట్టించాను. బాలమణి ఇప్పటికీ అదే కుర్చీలో ఉంది. ఫిర్యాదు మీద ‘దుప్పటి తొలగించడమైనది’ అని రాసి పంపితే, మా జూనియర్ ఇంజనీరు ఫోన్ చేసి ఈ లోపానికి రికార్డులో ఏ కోడు వేయాలని అడిగాడు. నాకు తెలియదన్నాను.

మనం చూడడానికి పోగానే చూడవలసినది మారిపోతుంది. గది ఊడుస్తారు, కుర్చీ వేస్తారు, లోపాన్ని మడతపెట్టి పక్కన పెడతారు. నా తర్వాత ఆ పనికి వచ్చిన వాళ్లకు ఒకటే చెప్పాను. మీరు రాకముందు అక్కడ ఏది ఎక్కడ ఉండేదో నిలబడే అడగండి. కూర్చోక తప్పకపోతే, కింద ఏం పరిచారో చూసి కూర్చోండి.