నలభై రెండు మంది... మా అమ్మ కాక

నాకప్పుడు పదకొండేళ్ళు... లండన్ హౌన్స్‌లోలో మా ఫ్లాట్ కింద తెల్లటి కోచ్ బస్సు వచ్చి ఆగింది. తెల్లారేసరికే అమ్మ మూడుసార్లు మెట్లు దిగి ఎక్కింది. పులిహోర గుండిగ ఒకసారి, పెరుగు బకెట్ ఒకసారి, క్యాంపింగ్ స్టవ్ ఒకసారి...

ఏటా ఎండాకాలం బ్యాంక్ హాలిడే అని మూడ్రోజుల సెలవు వస్తే చాలు, చుట్టుపక్కల తెలుగు కుటుంబాలన్నీ కలిసి కోచ్ మాట్లాడుకునేవాళ్ళు. స్కాట్లాండ్ కోటలు, వేల్స్ కొండలు, ఎక్కడికైనా అదే కోచ్... అంత్యాక్షరి, తంబోలా, జంతికల డబ్బా చేతులు మారుతూ వెనక సీటు దాకా...

సగం సీట్లు ఇండియా నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చిన తాతయ్యలవీ అమ్మమ్మలవీ. వాళ్ళకి శాండ్‌విచ్ గొంతు దిగదు. ఎంత గొప్ప కోట ముందు నిలబెట్టినా ఒంటి గంటకి వేడన్నం, చారు పడాల్సిందే. అందుకని కోచ్‌తోపాటు ఒక వంటమనిషి కూడా వచ్చేది.

ఆ వంటమనిషి మా అమ్మ. అయితే ఆ మాట ఎవరూ అనేవాళ్ళు కాదు. ముద్దుగా ‘అన్నపూర్ణ’ అనేవాళ్ళు. మా అమ్మ పేరు సుశీల.

ట్రిప్పులన్నీ నడిపించేది ప్రసాద్ అంకుల్. ఆయన మైకు పట్టుకుని కోట కథ చెబుతుంటే కత్తుల చప్పుడు నిజంగా వినపడేది. మా నాన్న ఎప్పుడూ ఎయిర్‌పోర్ట్ షిఫ్టుల్లోనే ఉండేవాడు... నాకు లోకం చూపించింది ప్రసాద్ అంకులే. దాచడం ఎందుకు, నాకు ఆయనంటే పిచ్చి.

అప్పటికి మూడు ట్రిప్పులు. అందరూ కోటలు చూశారు, అమ్మ కోచ్ పార్కులు చూసింది. ఈసారి వెళ్ళేది విండర్‌మియర్ సరస్సుకని తెలిశాక కూరగాయలు తరుగుతూ ఒక్క మాట అంది.

“పెళ్ళికి ముందు గోదాట్లో లాంచీ ఎక్కానే... మళ్ళీ ఎక్కలేదు. ఒక్కసారి ఎక్కాలనుంది.”

కోచ్‌లోకి అడుగుపెట్టగానే అంకుల్ దగ్గరికి పరిగెత్తాను.

“అంకుల్, ఈసారి అమ్మ కూడా బోట్ ఎక్కుతుందా?”

“ఎక్కుతుందా ఏంటే పిచ్చిమొహమా! మొదటి సీటు మీ అమ్మదే. నాదీ పూచీ!”

నమ్మాను. అమ్మకి చెప్పాను. అమ్మ కూడా నమ్మింది... దారిలో రాత్రి బస చేసి, మర్నాడు పొద్దున పెట్టెలోంచి ఆకుపచ్చ చీర తీసి కట్టుకుంది, దాని మీద కొత్త కార్డిగన్.

సరస్సు ఒడ్డున అందరం వరసలో నిలబడ్డాం. అంకుల్ అమ్మని పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు.

“చెల్లెమ్మా, పెద్దవాళ్ళల్లో షుగర్ వాళ్ళున్నారు, టైముకి అన్నం పడాలి. నువ్వు కూడా వచ్చేస్తే చారు ఎవరు కాస్తారు చెప్పు? వచ్చే ట్రిప్పుకి చూద్దాంలే.”

“పర్లేదన్నయ్యా... మీరెళ్ళి రండి.”

అక్కడున్న అంతమందిలో ఒక్కరు కూడా ‘నేనుంటాను, సుశీలని వెళ్ళనివ్వండి’ అనలేదు. నేనూ అనలేదు. బోట్ ఎక్కి కూర్చున్నాను. నీళ్ళు, కొండలు, ముఖం మీద చల్లగాలి... బాగుంది. అదే ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

తిరిగొచ్చేసరికి పొగలు కక్కే చారు సిద్ధం. “అబ్బ, ఏం చారమ్మా!” అని జుర్రుకుని, చేతులు కడుక్కుని అందరూ కోచ్ ఎక్కారు.

బయల్దేరే ముందు తలలు లెక్కపెట్టడం అంకుల్ పద్ధతి. నడవలో ఒక్కో తలా తాకుతూ వచ్చాడు.

“నలభై... నలభై ఒకటి... నలభై రెండు! ఫుల్ హౌస్! డ్రైవర్, లెట్స్ గో!”

కోచ్ కదిలింది. కిటికీలోంచి చూస్తే... అమ్మ కుళాయి దగ్గర గుండిగ తోముతోంది.

నా అరుపుకి డ్రైవర్ బ్రేకు తొక్కాడు. అమ్మ తడి చేతులతో పరిగెత్తుకుంటూ వచ్చింది, నవ్వుతూ. “ఏంటే ఆ కేకలు, వస్తున్నాగా!”

అంకుల్ మైకు అందుకున్నాడు. “అన్నపూర్ణని వదిలేసి పోతే మనందరికీ ఏకాదశే!”

కోచ్ అంతా ఘొల్లుమంది.

నాకు నవ్వు రాలేదు. ఆయన సీట్లో ఉన్న కాగితాలు తీసి చూశాను. లండన్‌లోనే ప్రింటు తీసిన లిస్టు. నలభై రెండు పేర్లు. నా పేరుంది. అమ్మ పేరు లేదు. బోట్ టికెట్లు కూడా నలభై రెండే. అంటే ఆయన లెక్క తప్పలేదు... ‘నాదీ పూచీ’ అన్నప్పుడు ఆ లిస్టు ఆయన చేతిలోనే ఉంది.

“అంకుల్, ఇందులో అమ్మ పేరు లేదేంటి?”

“అది ప్యాసింజర్ల లిస్టు తల్లీ. మీ అమ్మ మన మనిషి కదా!”

మన మనిషి!

తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు వేర్‌హౌస్‌లో పనిచేస్తున్నాను. మేనేజర్ ‘మనమంతా ఒక ఫ్యామిలీ’ అన్నప్పుడల్లా ముందు వెళ్ళి డ్యూటీల రోటాలో నా పేరుందో లేదో చూసుకుంటాను.

పోయిన నెల అమ్మకీ నాకూ ఒక కోచ్ టూర్ బుక్ చేశాను. అదే విండర్‌మియర్. తోటివాళ్ళంతా ఇంగ్లీష్ ముసలివాళ్ళు, వండాల్సిన పని లేదు. అయినా ఒడ్డుకి చేరగానే అమ్మ ఆగిపోయింది.

“నువ్వెళ్ళిరా. సామాను దగ్గర నేనుంటాలే.”

సామానే లేదు. చెయ్యి పట్టుకుని బోట్‌లోకి లాక్కెళ్ళాను.

సరస్సు మధ్యకి వచ్చాక అందరూ కొండల వైపు చూస్తున్నారు. అమ్మ మాత్రం వెనక్కి తిరిగి ఒడ్డునే చూస్తోంది.

“అదేగా కోచ్ పార్కు... ఆ రోజు ఇక్కణ్ణుంచి నేను నీకు కనిపించానా?”

“కనిపించావమ్మా” అన్నాను.

అబద్ధం. ఆ రోజు నేను అటువైపు తిరిగి చూడనే లేదు.

ఇప్పుడా ట్రిప్పులు లేవు. ఎవరి కారు వాళ్ళది, ఆకలేస్తే టేకవే... పాత ఫొటోలు పెట్టి ‘ఎంత బాగుండేవో ఆ రోజులు’ అని మాత్రం నిట్టూరుస్తున్నారు. మీరూ అలాంటి కోచ్ ఎక్కుంటే కింద రాయండి... ఏ కోట చూశారో నాకు అక్కర్లేదు. మీకు వండిపెట్టినావిడ పేరు రాయండి చాలు.