రెండో పెట్టె, పది గొంతులు

చాలాకాలం నా దగ్గర ఒక్కటే ఇంటర్‌ఫేస్ ఉండేది. మైకుల్లో పడ్డ గొంతును కంప్యూటర్‌కు అందించే పెట్టె అది. ఎనిమిది మైకులు పడతాయి. గుంటూరులో మేడ మీద రెండు గదుల స్టూడియోకి అది చాలనుకున్నాను. ఒక్కొక్కరి చేత విడిగా పాడించి తర్వాత కలిపేవాణ్ణి.

ఒక మిరపకోతల కాలంలో సత్తెనపల్లి దగ్గరి పల్లె నుంచి ఒక పాస్టరు గారు వచ్చారు. తమ చర్చిలో పాడే పదిమంది ఆడవాళ్ళ పాటలు రికార్డు చేయాలన్నారు. అందరూ కోతలకు వెళ్ళేవాళ్ళే. ఆయన వెంట వచ్చిన యాభై దాటిన మనిషే ఆ పాటలు కట్టింది, ముందు అందుకునేదీ ఆవిడే. గొంతులో గడ్డ ఉంది, వచ్చే సోమవారం ఆపరేషను, ఆ తర్వాత గొంతు ఎలా ఉంటుందో డాక్టర్లు చెప్పలేమన్నారు.

నా పద్ధతి చెప్పాను. ముందు ఆవిడ, తర్వాత మిగతావాళ్ళు.

"నేనొక మాటంటే వాళ్ళొక మాట అందుకోవాలయ్యా. ఎదురు మనిషి లేకుండా పాటెట్టా వచ్చుద్ది?" అంది.

ఇక తప్పక చెన్నై నుంచి రెండో పెట్టె తెప్పించాను. గురువారం వచ్చింది. రెండింటినీ కంప్యూటర్‌కు తగిలించి, చెరో మైకు పెట్టి ఒక నిమిషం మాట్లాడి చూశాను. బాగానే ఉంది. అంతటితో ఆపేశాను.

శనివారం పొద్దున పాసింజరులో వచ్చారు. బయట మిరప బస్తాల లారీలు వరసగా పోతున్నాయి. ఘాటుకు ఆవిడ దగ్గుతుందని కిటికీలు మూసేశాను. చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేశాను. రోజూ పన్నెండింటికి కరెంటు తీసేస్తారు. ఐదు పాటలు. తొమ్మిదిన్నరకు మొదలుపెట్టాం.

ఆవిడ తొడ మీద తాళం వేసుకుంటూ, పక్కనామె మొహంలోకి చూస్తూ పాడింది. మూడో నిమిషంలో నా హెడ్‌ఫోనులో 'టిక్' మంది. కాసేపటికి మళ్ళీ.

"ఇంకోసారమ్మా, మైకు కదిలింది" అన్నాను. అబద్ధం. వైర్లు మార్చాను. రెండోసారీ టిక్కులే. ఈసారి డోలక్ కొంచెం పరిగెత్తిందన్నాను. డోలక్ వాయించేది ఆవిడ మరిది. ఆయన మొహం చిన్నబోయింది. మూడోసారి పాడేటప్పుడు పైస్థాయిలో ఆవిడ గొంతు చీలింది. చెయ్యి మెడ మీదికి పోయింది. టిక్కులు మాత్రం పోలేదు.

ఒక్కో మైకూ విడిగా విని చూస్తే, రెండో పెట్టెకు తగిలించిన మైకుల్లోనే ఉన్నాయవి. అప్పటికి పదకొండు కావస్తోంది. చెన్నై డీలరుకు ఫోన్ చేశాను. తెలుగాయనే.

"రెండు పెట్టెలూ దేని గడియారం అది చూసుకుంటున్నాయి సార్. వెంట్రుకవాసి తేడా పోగుపడి ఎక్కడో ఒకచోట జారుతుంది. నిమిషంలో తెలీదు. మొదటిదాని టైమే రెండోది వినాలి. మధ్యలో వైరు కలిపారా?"

కలపలేదు. అలాంటి వైరు ఒకటుండాలని నాకు తెలియదు.

"టీవీకి పెట్టే పసుపురంగు వీడియో వైరున్నా పనికొస్తుంది. పెట్టి, రెండోదాన్ని బయటి టైముకి మార్చండి."

ముందుగదిలో సీడీ ప్లేయరు వెనక నుంచి ఆ వైరు పీకుతుంటే పాస్టరు గారు, "ఏమైంది బాబూ?" అన్నారు. ఆయనకు జవాబు చెప్పకుండా పాడేవాళ్ళ గదిలోకి వెళ్ళాను.

"తప్పు డోలక్‌ది కాదమ్మా, మైకుదీ కాదు. నేను పెట్టెలు సరిగా కలపలేదు. మొదటిసారే అనుమానం వచ్చింది. చెప్పలేకపోయాను."

"మరి నా మీదెందుకు పెట్టావయ్యా?" అన్నాడు మరిది.

ఆవిడ గోరువెచ్చని నీళ్ళు రెండు గుక్కలు తాగింది. "అప్పుడే చెబితే మూడుసార్లు పాడేదాన్నా? ఉన్న గొంతు దానికే పోయె" అంది. గట్టిగా కూడా అనలేదు. నేను వెళ్ళి ఆ వైరుతో రెండు పెట్టెలూ కలిపి, రెండోదాన్ని బయటి టైముకి మార్చి వచ్చాను.

"ఇప్పుడు బాగయిందా?"

"నాలుగైదు నిమిషాలు విని చూడాలమ్మా."

"అయితే వీళ్ళు పాడతారు. బాగైందని తేలిందాకా నేను నోరు తెరవను."

వాళ్ళు పాడారు. ఆవిడ చేత్తో నడిపించింది. నేను ఐదు నిమిషాలు విన్నాను. ఒక్క టిక్కూ లేదు. అప్పుడు టైము పదకొండూ ఇరవై.

మొదటి పాటలో పైకి వెళ్ళే చరణం దగ్గర ఆవిడ గొంతు ఆగిపోయింది. పక్కనామె ఎవరూ చెప్పకుండానే అందుకుంది. ఆవిడ ఒక్కసారి అటు చూసి, తల ఊపి, కింది వరస పట్టుకుంది. ఆవిడ గొంతుకు పావుగంట విశ్రాంతిచ్చి ఎత్తుకున్న రెండో పాట ఆఖర్లో ఉండగా కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమని అరుస్తుంటే గబగబా సేవ్ చేశాను. ఆ రోజు ఆవిడ గొంతు ఇక లేవలేదు. మిగిలిన మూడు పాటలూ ఆవిడ గొంతుతో ఎక్కడా లేవు.

ఆపరేషను అయింది. మనిషి దక్కింది. గొంతు మాత్రం బొంగురుపోయి, పాడటానికి పనికి రాలేదు. నేను టిక్కులు పడ్డ మొదటి టేకును ముందేసుకుని మూడు వారాలు కూర్చున్నాను. ఒక్కో టిక్కునూ తెర మీద పెద్దది చేసి చేత్తో చెరిపాను. ఆ పాటలో మాత్రం ఆవిడ గొంతు నిండుగా ఉంది. సీడీ ఇంటికి తీసుకెళ్ళి ఇస్తే విని, "ఇంకొకసారి పెట్టు" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. నేను క్షమించమని అడగబోయి మానేశాను.

వానలు తగ్గాక మిగిలిన మూడు పాటలకు మళ్ళీ వచ్చారు. ముందు అందుకున్నది పక్కనామె. ఆవిడ ఆమెకెదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. మొదటి చరణం కాగానే చెయ్యెత్తి ఆపింది.

"ఆ చివరి మాట మింగుతున్నావే. నోరు తెరువు. మళ్ళీ పాడు."