మూపురం ఉన్న జెర్సీ

నాకు ముక్కు మీదే కోపం. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసినన్నాళ్ళూ జనం ఆ కోపాన్ని కూడా నా హస్తవాసిలో భాగమే అనుకున్నారు. "ఆయన ఒక్క కసురు కసిరితే పడుకున్న ఆవు లేచి నిలబడుద్దండి" అనేవారు. పదిమంది అలా అనేసరికి నాకూ తలకెక్కింది. చత్వారం వచ్చి చాలా ఏళ్ళయినా, కళ్ళజోడు పెట్టుకుని ఎవరి పాకలోకీ వెళ్ళేవాణ్ణి కాదు. కాంపౌండరు గారికి చూపు ఆనడం లేదట అని కొత్తపేట టీకొట్టులో ఒక్కడు అన్నాడంటే, ఆ మాట సాయంత్రానికి పలివెల చేరిపోతుంది.

పలివెల దారిలో కాలవగట్టు పక్కన ఒకావిడ ఉండేది. భర్త కొబ్బరికాయలు దింపేవాడు. చెట్టు మీంచి పడి నడుం పోయింది, మంచం దిగడు. ఇల్లు ఒక్క ఆవు పాల మీద నడిచేది. అదీ ముసలి సంకర జెర్సీ. ఎదకొచ్చిందని ఒకరోజు నన్ను పిలిపించింది.

"ఇదే దీనికి ఆఖరి ఈతండి. పెయ్య పుడితే నిలుపుకుంటాను. మంచి జెర్సీదే వెయ్యండి బాబూ, పూటకి ఐదారు లీటర్లిచ్చేది కావాలి. మాకింకో దారి లేదండి" అంది.

పొద్దుగూకుతోంది. కరెంటు లేదు. నా క్యానులో జెర్సీ వీర్యం గొట్టాలూ ఉన్నాయి, ఒంగోలువీ ఉన్నాయి. సన్నటి గొట్టం మీద అంతకంటే సన్నటి అక్షరాలు. కళ్ళజోడు సంచిలోనే ఉంది. ఆవిడ ఎదురుగా నిలబడి చూస్తోంది కదా, తియ్యబుద్ధి కాలేదు. చేతికందిన గొట్టం తీసి పని కానిచ్చేశాను. దాని మీది నంబరు తర్వాత రికార్డులో రాసుకుందామని ఖాళీ గొట్టం జేబులో వేసుకుని, "జెర్సీయేనమ్మా, దిగులు పెట్టుకోకు" అని సైకిలెక్కాను. మర్నాడు ఇంట్లో కళ్ళజోడు పెట్టుకుని చూస్తే ఆ గొట్టం మీద ఒంగోలు అని ఉంది.

అప్పుడే వెళ్ళి చెప్పి ఉండాల్సింది. చూలు కట్టకపోతే మళ్ళీ జెర్సీ వేద్దాంలే అనుకున్నాను. కట్టింది. కోడెదూడ పుడితే గొడవే లేదనుకున్నాను. పెయ్యే పుట్టింది.

పుట్టిన దూడను చూస్తే జాలేసేది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. తల్లికున్న కాసిని పాలు ఇళ్ళకి పోసేస్తే దానికేం మిగులుతాయి? కానీ చెవులు సాగి ఉండేవి, మెడ కింద గంగడోలు వేలాడేది. దారినపోయే ప్రతివాడూ దాని దగ్గర ఆగి జాతి చెప్పడం మొదలుపెట్టాడు. రిటైరైన హెడ్మాస్టరు గారు గిర్ అన్నారు. ఫోనులో ఆవుల వీడియోలు చూసే కుర్రాడొకడు పుంగనూరు అన్నాడు, పొట్టిగా ఉందని. "అది పొట్టి కాదురా, ఆకలి" అన్నాన్నేను. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

అలాంటి ఒక సాయంత్రమే ముక్తేశ్వరం నుంచి ఒక రైతు వచ్చాడు. కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు, వాకిట్లో మన నాటు రక్తం ఉన్న ఆవు తిరగాలని ఆయన కోరిక. దూడ చుట్టూ రెండుసార్లు తిరిగి, గంగడోలు పట్టుకు చూసి ఆవిడతో అన్నాడు: "నా పశువుల మకాంలో ఆర్నెల్ల జెర్సీ పెయ్య ఉందమ్మా. దాన్ని నువ్వు తోలుకుపో, దీన్ని నాకియ్యి. బక్కదైనా పర్లేదు, మేపుకుంటాను. ఇది ఒంగోలు పోలికేనని కాంపౌండరు గారు ఒక్క మాటంటే చాలు."

"వేసింది ఆయనేగా, ఆయనకి తెలీదేంటండీ!" అన్నారు హెడ్మాస్టరు గారు.

అందరూ నా వైపు తిరిగారు. ఆవిడా చూసింది. మంచం మీద నుంచి భర్త కూడా తల ఎత్తి చూశాడు. ఒక్క మాట. ఒంగోలు అంటే చాలు, ఆవిడ కోరుకున్న పెయ్య పాకలోకి వచ్చేస్తుంది. కానీ ఆ వెంటనే, మరి జెర్సీ అన్నారేంటండీ అని అడుగుతారు కదా! నాకు చెమటలు పట్టాయి. చెమట పట్టినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

"జెర్సీయే! నేను వేసింది నాకు తెలీదా? చెవులు చూసి జాతులు చెప్పేవాళ్ళు ఎక్కువైపోయారు ఈ ఊళ్ళో!" అని కసిరాను.

ముక్తేశ్వరం ఆయన దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆవిడ "ఆయ్, సరేనండి" అని దూడను లోపల కట్టేసుకుంది.

ఏడాది తిరిగేసరికి దూడకు మూపురం లేచింది. జెర్సీకి మూపురమేమిటి, చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. నేను ఆ దారి మానేసి చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి. ఎప్పుడైనా తప్పక అటు వెళ్తే, ఎవరో ఒకరు అడుగుతూనే ఉండేవారు, ఇదేం జాతమ్మా అని. ఆవిడ తొణక్కుండా, "జెర్సీయండి. కాంపౌండరు గారు చెప్పేరు" అనేది. గొంతులో మర్యాదకి ఎక్కడా లోటు లేదు. మా గోదావరి జిల్లాల వెటకారం అదే, 'గారు' తగ్గదు, 'అండి' తగ్గదు, ఒళ్ళు మాత్రం కాలిపోతుంది. తిట్టి ఉంటే తిరిగి అరిచేవాణ్ణి. ఏమని అరవను?

నేను రిటైరయ్యాక ఆ పెయ్య ఈనిందని తెలిసింది. ముసలి ఆవు అప్పటికే పోయింది. ఒకరోజు పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళాను. ఆవిడ పాలు పితుకుతోంది. గేదెలు కొనడానికి రామచంద్రపురం నుంచి ఊళ్ళోకి వచ్చిన ఒకాయన వాకిట్లో నిలబడి, "ఏం జాతమ్మా ఇది?" అన్నాడు. ఆవిడ నోరు తెరిచేలోపు నేనే అన్నాను.

"ఒంగోలు పోలిక. నేనే వేశాను. కళ్ళజోడు పెట్టుకోక గొట్టం మార్చేశాను. మర్నాడే తెలిసింది, చెప్పలేదు. తప్పు నాది."

ఆయనకేం అర్థమైందో గాని, తలూపి వెళ్ళిపోయాడు. ఆవిడ పితకడం ఆపలేదు. పూర్తయ్యాక చెంబు ఎత్తి నాకు చూపించింది. సగం కూడా లేవు.

"పూటకి లీటరున్నరండి. చిక్కగా ఉంటాయి, వంక పెట్టక్కర్లేదు" అంది. చెంబు కింద పెట్టి, "ఈ మాటేదో ఆ వేళ ముక్తేశ్వరం ఆయన నించున్నప్పుడు అనేసుంటే బాగుండేదండి" అంది.

కోపం కోసం వెతుక్కున్నాను, రాలేదు. మంచం మీద ఆవిడ భర్త గోడవైపు తిరిగి పడుకున్నాడు. దూడను తల్లి దగ్గరకు వదిలి, ఆవిడ పాలు పొయ్యడానికి ఇళ్ళకి వెళ్ళింది.

నాలుగు రోజుల తర్వాత గట్టు మీద వెళ్తుంటే మళ్ళీ ఎవరో అడగడం వినిపించింది, ఇదేం జాతమ్మా అని. సైకిలు నెమ్మదించాను.

"ఒంగోలు పోలికండి. కాంపౌండరు గారు చెప్పేరు" అంది ఆవిడ, అదే గొంతుతో.