హెడ్మాస్టరు మోసిన కబుర్లు

“సార్, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ గదిలో మీరు చేసే పనేంటి?”

హాజరు పట్టీ ఇవ్వడానికి వచ్చిన తొమ్మిదో తరగతి బి సెక్షను పిల్ల, రెండు జడలది, అడిగింది. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకుందామని. హెడ్మాస్టరు పట్టీ అందుకుని పిల్లని పంపేశారు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఇంత కష్టమైన ప్రశ్న ఏ తనిఖీ అధికారీ వేయలేదు.

పిల్లలు ఆయన్ని గంట సారు అనేవారు. గంట కొడితే తప్ప గదిలోంచి బయటికి రారని. ఆయన బెంగంతా ఆ బి సెక్షను మీదే. నలభై మందికి పంతొమ్మిది మంది వస్తున్నారు. నెలాఖరుకు ముప్పై దాటకపోతే సెక్షను ఎత్తేస్తాం, ఒక టీచరు పోస్టూ పోతుందని పైనుంచి కాగితం వచ్చింది.

మొదట హెడ్మాస్టర్లందరూ చేసేదే చేశారు. గోడల నిండా సూక్తులు రాయించారు. ‘నువ్వు సాధించగలవు’ అన్న ఎర్రక్షరాల పక్కనే పైపు కారుతోంది. దాన్ని మాత్రం ఎవరూ సాధించలేదు. ఉత్సాహం నూరిపోసే ఉపన్యాసకుణ్ణి పిలిచారు. ఆయన రెండు గంటలు అరిచి, పిల్లల చేత చప్పట్లు కొట్టించుకుని వెళ్లాడు. మర్నాడు పదిహేడు మంది వచ్చారు.

రెండు జడల పిల్ల ప్రశ్న మింగుడుపడక, హెడ్మాస్టరు వెళ్లి బి సెక్షను వెనక బెంచీలో కూర్చున్నారు. డెస్కుకీ బెంచీకీ మధ్య పొట్ట పట్టలేదు. పక్కకి తిరిగి సర్దుకున్నారు. మొదటి రోజు అందరూ బొమ్మల్లా ఉన్నారు. మూడో రోజుకి ఆయనున్న సంగతే మరిచిపోయారు.

లెక్కల సారు పాఠం ఆపారు. “కబురు మోసే వంతు ఎవరిది ఇవాళ? పైన ఆవిడకి చెప్పండి, ప్రొజెక్టరు కావాలని. నేనడిగానని కాదు. కావాలని.”

రెండు జడల పిల్ల పైకెళ్లి వచ్చింది. “సైన్సు మేడమ్ అడగమన్నారు సార్, ప్రొజెక్టరు మీ తాతగారిదా అని.”

“ఆవిడ అంటే నువ్వు మోసుకొచ్చేస్తావా? వెళ్లి వెనక నిలబడు!”

పిల్ల వచ్చి హెడ్మాస్టరు పక్కన నిలబడింది. ఆయన మెల్లగా అడిగారు. “రోజూ ఇంతేనా?”

“ఇవాళ నయం సార్. వంతున్నవాళ్లు బడికి రారు. అప్పుడు వంతు తర్వాతివాళ్ల మీద పడుతుందా, వాళ్లూ రారు. నేనే పిచ్చిదాన్ని, వచ్చాను.”

స్టాఫు రూములో ఫ్యాను ఎంత స్పీడులో తిరగాలన్న దగ్గర మొదలై, మూడేళ్లుగా ఆ ఇద్దరికీ మాటల్లేవు. మీటింగు పెడితే ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చుని అన్నిటికీ తలూపేవారు. అందుకని హెడ్మాస్టరు ఈసారి మీటింగు పెట్టలేదు. మర్నాడు లెక్కల సారు క్లాసుకి వెళ్లి, గుమ్మంలో తానే చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“కబుర్లేమైనా ఉన్నాయాండీ? ఇకమీదట నేనే మోస్తాను.”

“అయ్యయ్యో, మీరెందుకు సార్...”

“నా పనేంటని అడిగారు లెండి. చెప్పండి.”

ముప్పై రెండు మెట్లెక్కి, ఆయాసపడుతూ సైన్సు మేడమ్‌కి ఆ కబురు అప్పజెప్పారు.

“ముందు కూర్చోండి సార్.”

“టైం లేదమ్మా. జవాబు?”

“ప్రొజెక్టరు... ఇస్తానని చెప్పండి.”

“అంతేనా? తాతగారి సంగతి చెప్పొద్దా?”

మేడమ్ మొహం కందిపోయింది.

రెండు రోజుల్లో తొమ్మిది సార్లు ఎక్కి దిగారు. మూడో రోజు మోకాలు పూరీలా పొంగి, మెట్ల మధ్యలో కూలబడ్డారు. పైనుంచి మేడమ్, కిందనుంచి లెక్కల సారు పరుగెత్తుకొచ్చారు.

“ఇదంతా మీవల్లే!” మూడేళ్లకి మేడమ్ అన్న మొదటి మాట.

“నావల్లా? ప్రొజెక్టరు పట్టుకుని కూర్చుందెవరండీ?”

పోట్లాడుకుంటూనే చెరో చెయ్యీ పట్టుకుని ఆయన్ని దింపారు. హెడ్మాస్టరుకి ఆ పోట్లాట సంగీతంలా వినిపించింది. ఆ తర్వాత ఏ పిల్లా కబురు మోయలేదు. వాళ్ల తగువులు వాళ్లే ముఖాముఖీ తేల్చుకున్నారు.

నెలాఖరుకి బి సెక్షనులో ముప్పై నలుగురు. సెక్షను నిలిచింది. మోకాలి వైద్యం ఖర్చు చెరిసగం పెట్టుకుంటామని ఇద్దరూ మాటిచ్చారు. మేడమ్ ఇచ్చేశారు. లెక్కల సారు నుంచి పన్నెండు వందలు ఇంకా రావాలి.