చీకటి పడకముందే ముగిసే కరాటే క్లాసు

ఈ సాయంత్రం కోరుట్లలో ఫిజియోథెరపీకి వెళ్లాను. ముప్ఫై ఏళ్లుగా వదలని నడుము నొప్పి నాది. పక్క మంచం మీద పడుకున్నాయన నన్ను చూసి "మాస్టర్ సాబ్!" అని కేకేశాడు. చూస్తే, ఒకప్పుడు సిరిసిల్లలో నాకు పరిచయమైన హెడ్ కానిస్టేబుల్, ఇప్పుడు రిటైరయ్యాడు.

నక్సలైట్ల రోజుల్లో నేను సిరిసిల్లలో కరాటే నేర్పేవాణ్ని, ఖాళీగా ఉన్న ఒక సాంచెల షెడ్డులో, అంటే మరమగ్గాల షెడ్డులో, సిమెంటు నేల మీద. పదిమంది కుర్రాళ్లు తన్నడం నేర్చుకుంటున్నారంటే పోలీసులకు అనుమానమే కదా! మా మీద నిఘాకు ఈయన్ని పంపారు. రోజూ గోడకు ఆనుకుని చూసి చూసి విసుగొచ్చి, నెల తిరిగేలోపే తనూ వరసలో నిలబడ్డాడు.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఇదంతా విని, "కిక్కులకు ముందు వార్మప్ చేసేటోళ్లా అంకుల్?" అని అడిగింది.

లేదన్నాను.

"గందుకే ఇద్దరి నడుములు గిట్లయినయ్. ఎందుకు చెయ్యలే?"

నేను నోరు తెరిచేలోపే ఆయన ఒప్పేసుకున్నాడు. "తప్పు నాదే బిడ్డా. చీకట్ల కనబడితే మా పోలీసోళ్లే ఆపి అడుగుతరని, చీకటి పడకముందే అందరు ఇండ్లకు పోవాలని నేనే తొందరపెడుతుంటి. ఇగ వార్మప్‌కు టైమేడిది?"

ముగ్గురం నవ్వుకున్నాం. బయట మసక పడుతుంటే, పాత అలవాటుకొద్దీ నేను చెప్పులు వెతుక్కున్నాను. ఆయన చెయ్యి పట్టి ఆపాడు.

"కూసో సాబ్, చాయ్ తాగి పోదువు. ఇప్పుడు చీకటి పడితే ఎవడడుగుతడు?"

రెండేసి కప్పులు తాగాం. మీరూ చెప్పండి, మీ నడుము పాడుచేసినవాళ్లు మీకెప్పుడైనా చాయ్ తాగించారా?