చాలొ అంటే చాలు కాదు

పోయిన శనివారం మధ్యాహ్నం మా అమ్మాయి మధ్యగదిలో కూర్చుని ఒక పెద్ద అట్టపెట్టె విప్పింది. నేను వంటింట్లో పోపు పెడుతున్నాను. ఆవాలు చిటపటలాడుతున్నాయి, ఇంగువ ఘాటుగానే పడింది, అయినా వాటన్నిటినీ తోసుకుంటూ ఒక వాసన వచ్చి నా ముక్కుకు తగిలింది. జిగురు వాసన. పొయ్యి కట్టేసి, గరిటెతో సహా వెళ్లాను. కొత్తగా కొన్న మోటార్‌సైకిల్‌కి తోడుగా ఫోన్లో చూసి తెప్పించుకున్న బూట్లట. నల్లగా నిగనిగలాడుతూ, పక్కన మూడేసి బకిల్సుతో, ఊరేగింపు గుర్రానికి చేసిన అలంకారంలా ఉన్నాయి.

"తిరిగి పంపించెయ్" అన్నాను.

"అమ్మా, ఇంకా కాలు కూడా పెట్టలేదు!"

"పెట్టక్కర్లేదు. వాసన చూశాను."

"వాసన చూసి చెప్పేయడానికి ఇవి బూట్లా, సాంబారా?"

నేను ఒక బూటు తీసి, దాని అడుగుభాగాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ క్షణంలో నేను అక్కడ లేను. ఇరవై మూడేళ్ల వయసులో, బరంపురం బజారులో, లోకనాథం గారి చెప్పుల కొట్టు ముందు నిలబడి ఆయనతో పోట్లాడుతున్నాను.

అప్పటికి నేను ఆ ఊరికి కొత్త. గోదావరి వైపు పెరిగి, వ్యవసాయంలో డిగ్రీ పుచ్చుకుని, ఒక విత్తనాల కంపెనీలో ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా చేరి, బరంపురంలో మా పిన్ని ఇంట్లో దిగాను. ఒడియా ముక్క రాదు. కంపెనీ ఒక పాత మోటార్‌సైకిల్ ఇచ్చింది. పొద్దున్నే దాని మీద పాత్రపూర్ వైపో పురుషోత్తంపూర్ వైపో వెళ్లాలి, రోడ్డు పక్కన బండి ఆపి అక్కణ్ణుంచి గట్ల వెంట మైళ్లకొద్దీ నడుస్తూ పంట చూడాలి. మా ఆఫీసులో అంతకుముందు ఆ పని ఏ ఆడదీ చేయలేదు. మా మేనేజరు ఒడియా ఆయన, మర్యాదస్థుడు. ఆ మర్యాదతోనే చెప్పాడు: మూడు నెలలు చూద్దాం, కుదరకపోతే ఆఫీసులో కుర్చీ ఉంది, ఫైళ్లున్నాయి, పైన ఫ్యాను ఉంది. ఫ్యాను అన్న మాట ఎంత దయగా అన్నాడంటే నాకు ఒళ్లు మండిపోయింది. నాకు కుర్చీ వద్దు, పొలమే కావాలి. కానీ నా కాళ్లు నా పక్షాన లేవు. చెప్పులేసుకుని వెళితే సైలెన్సరు చీలమండ కాల్చింది. కాన్వాసు జోడు వేసుకుంటే గేరు పైకెత్తీ ఎత్తీ ఎడమకాలి బొటనవేలి గోరు నల్లబడింది.

లోకనాథం గారి దగ్గరికి వెళ్లమన్నది మా పిన్ని. తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన వ్యాపారస్థుల కుటుంబం వాళ్లది. సన్నగా, పొడుగ్గా, ముక్కు చివర కళ్లద్దాలతో ఉండేవారు. కొట్టు ముందు ఇంజను లేని ఒక మోటార్‌సైకిల్‌ని స్టాండు వేసి, గొలుసుతో స్తంభానికి కట్టి ఉంచారు. నేను వెళ్లేసరికి ఉదయం పది. బండి నడపడానికీ, పొలాల్లో నడవడానికీ రెండింటికీ పనికొచ్చే గట్టి బూట్లు కావాలన్నాను. ఆయన నా మొహం కూడా చూడలేదు, కాళ్లు చూశారు.

"సాయంత్రం రా అమ్మా" అన్నారు.

"ఏం, సరుకు లేదా?"

"సరుకున్నాది. నీ కాలే ఇంకా రానేదు."

"కాలు రాకుండానే ఇంత దూరం వచ్చానా?"

"పొద్దున్న కాలు అబద్ధాలు సెబుతాదమ్మా. రోజంతా తిరిగి, అలిసి, కాస్త వాసిన కాలు నిజం సెబుతాది. ఆ కాలు తీసుకురా."

"సాయంత్రం నాకు వేరే పనుంది."

"అయితే మరేటి, బూట్లు పొద్దుటి పూటే ఏసుకో. సాయంత్రాలు మానెయ్."

నోటితో నన్ను గెలిచిన మనిషి అంతకుముందు లేడు. పంతం కొద్దీ సాయంత్రం మళ్లీ వెళ్లాను. ఆయన ఒక జత తీసి ముందు పెట్టారు. ముదురు గోధుమరంగు, చీలమండ దాటి నాలుగు వేళ్లు పైకి, ముక్కు మొద్దుగా గేదె మూతిలా ఉంది. ఇష్టం లేకుండానే వేసుకుని లేస్తే ఆయన "చాలొ!" అన్నారు. ఒక అడుగు వేసి ఆగాను. "చాలొ, చాలొ!" అన్నారు ఇంకాస్త గట్టిగా. సరే, చాలంటున్నాడు కదా అని కూర్చుని లేసులు విప్పడం మొదలుపెట్టాను.

"ఏటమ్మా, ఇప్పేత్తన్నావు?"

"మీరే కదండీ చాలు చాలని అరిచారు!"

ఆయన కళ్లద్దాలు తీశారు. ఒక్క నిమిషం అర్థం కాలేదు, అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. ఎదుటి కిళ్లీ కొట్టు వాళ్లని కూడా పిలిచి ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పారు. "చాలొ అంటే నడవమని తల్లీ, అది ఒడియా మాట. ఈ కొట్లో నలభయ్యేళ్లుగా బూటేసుకున్న పెతీవోడికీ అదే సెబుతన్నాను. ఆగమంటే మేం సాలు అంటాం. సా అయితే ఆగు, చా అయితే నడు. ఆ పాటి తెలీకుండా ఈ ఊళ్లో ఎలా తిరుగుతావే?"

బజారంతా నవ్వింది. నాకు కోపం వచ్చింది. "ముందు మీరు తెలుగు సరిగ్గా పలకడం నేర్చుకోండి" అనేసి, చెప్పులేసుకుని వచ్చేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది కానీ, ఆ వయసులో కోపమే నాకు నడుం నిలబెట్టిన బొంగు.

తరువాతి వారం ఆఫీసు పని మీద భువనేశ్వర్ వెళ్లినప్పుడు అక్కడ ఒక అద్దాల దుకాణంలో మోకాళ్ల దాకా వచ్చే నల్ల బూట్లు కొన్నాను. అద్దంలో చూసుకుంటే పోలీసు ఆఫీసరులా ఉన్నాను. అవి వేసుకుని పాత్రపూర్ వెళ్లిన మొదటి రోజే దారిలో టైరు పంక్చరయింది. బండి అక్కడే వదిలి నడిచాను. ఆ బూట్లలో చీలమండ వంగదు, మోకాలు వంగదు, గట్టు మీద ఒక్కో అడుగూ రోకలిని ఎత్తి పెట్టినట్టే ఉంది. రెండో పొలానికి మడమ తోలు లేచిపోయింది. మూడో పొలానికి బూట్లు విప్పి, లేసులు ముడేసి మెడలో వేసుకుని వట్టికాళ్లతో నడిచాను. అక్కడ కలుపు తీస్తున్న ఒక తెలుగావిడ నడుం ఎత్తి చూసి, "ఏటమ్మా, బూట్లు నిన్ను మొయ్యాల గాని, నువ్వు బూట్లని మోత్తన్నావేటి?" అంది. ఆ మాట నాకంటే ముందు బరంపురం చేరింది. మర్నాడు మేనేజరు, వచ్చే గురువారం పురుషోత్తంపూర్ నాతో వస్తానన్నాడు. ఆ రోజు చూసి నిర్ణయిద్దాం, బాధపడొద్దు అన్నాడు. కిటికీ పక్క కుర్చీ అప్పటికే తుడిపించి ఉంచాడు.

ఆ సాయంత్రం కుంటుకుంటూ లోకనాథం గారి కొట్టుకు వెళ్లాను. దెప్పుతారని దారి పొడుగునా జవాబులు తయారుచేసుకున్నాను. ఆయన నా మడమకున్న కట్టు చూసి "కూకో" అన్నారు, అంతే. నా చేతిలోని నల్లబూట్లు తీసుకుని, అడుగుభాగాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించారు.

"ఉత్త జిగురు. ఒక్క కుట్టు కూడా నేదు. కొయ్యనా?"

"కొయ్యండి" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

చెక్కుకత్తితో సోలు చివర ఒక్క గీత గీసి, వేళ్లతో లాగారు. అరటిదొప్పలా ఊడి వచ్చింది. లోపల తోలు లేదు. అట్ట.

"పెట్టె పారేసి బూట్లు ఉంచుకున్నానని అనుకుంటన్నావు గావాల. రెండూ పెట్టెలే" అన్నారు.

ఈసారి నవ్వింది నేను. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుని, గురువారం సంగతి చెప్పాను. ఆయన లోపలికెళ్లి గేదె మూతి బూట్లే తెచ్చారు. రెండు చేతులతో వంచి చూపించారు: "మడత ఏళ్ల కాడ పడాల. మధ్యలో పడితే అది బూటు కాదు, పుస్తకం." సోలు చుట్టూ ఉన్న దారం కుట్టు మీద నా వేలు పెట్టి నడిపించారు. లేసుల కింద ఉండే తోలు నాలుకని రెండు పక్కలా కుట్టేశారట, మడిలో నీళ్లు లోపలికి రాకుండా. నన్ను ఇంజను లేని బండి ఎక్కించి, ఎడమకాలితో గేరు ఎత్తించారు. వేలికి లీవరు తెలియాలి కానీ నొప్పి తెలియకూడదు, అందుకే అక్కడ అదనంగా ఒక తోలుముక్క. మడమకి మెట్టు లేకపోతే వానలో కాలు ఫుట్‌రెస్టు మీంచి జారిపోతుంది. లేసు కొసలు లోపలికి దోపకపోతే చైను లాక్కుపోతుంది. ఆ తర్వాత దిగమని, వీధి వైపు చెయ్యి చూపించారు.

"చాలొ."

నడిచాను. వీధి చివరి దాకా వెళ్లి వచ్చాను. మళ్లీ చాలొ అన్నారు. నాలుగో విడతలో కుడి చిటికెనవేలు నొక్కుతోంది, పళ్లు బిగించి నడుస్తున్నాను. ఆయనకి తెలిసిపోయింది.

"ఎక్కడ?"

"ఏం లేదండీ, బాగానే ఉంది."

"ఊరందరితోటీ తగూలాడతావు, నొప్పి కాడికొచ్చేసరికి నోరు పడిపోద్దేటి? మేనేజరుతో ఎంతైనా దెబ్బలాడు. కాలితో ఆడకు. అది సెప్పింది ఇను."

చిటికెనవేలని చెప్పాను. అర సైజు పెద్దది తెచ్చి, మందపాటి మేజోళ్లతో వేయించి, మళ్లీ నడిపించారు. దీపాలు పెట్టే వేళకి "సాలు" అన్నారు. ఆ సాలు నాకు పట్టా కాగితంలా వినబడింది. గురువారం దాకా ఇంట్లో బూట్లతోనే తిరగమన్నారు. మా పిన్ని నేలంతా తుడుచుకుంటూ ఆయన్ని తిట్టింది.

గురువారం మేనేజరు తన ఆఫీసు జోడుతోనే వచ్చాడు, నల్లగా, మెరుస్తూ. ముందురోజు వాన పడింది. మొదటి గట్టు మీద ఆయన నాకు జాగ్రత్తలు చెప్పాడు. రెండో గట్టు మీద తనకు తాను చెప్పుకున్నాడు. మూడో మడి దగ్గర ఎడమ జోడు బురదలో ఉండిపోయి కాలు మాత్రం పైకి వచ్చింది, జోడు లాగితే సోలు విడిగా వచ్చింది. పాపం, గట్టు మీద కూలబడి, సోలు ఒడిలో పెట్టుకుని, చెయ్యి ఊపాడు. "ఆపణ చాలన్తు, మాడామ్." మీరు నడవండి అని. ఎవరూ అర్థం చెప్పకుండా నాకు తెలిసిన మొదటి ఒడియా వాక్యం అదే. మిగతా పదకొండు పొలాలూ నేనొక్కదాన్నే చూసి వచ్చాను. కుర్చీ మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. సాయంత్రం కొట్టుకి వెళ్లి ఇదంతా చెబితే లోకనాథం గారు తలెత్తకుండా, "ఆయన్ని సాయంత్రం పూట రమ్మను" అన్నారు.

ఆ బూట్లకి మూడుసార్లు కొత్త సోలు వేసి ఇచ్చారాయన. కొట్టు ముందు మా వాదనలు కూడా అన్నేళ్లూ సాగాయి, మధ్యలో ఎప్పుడో ఆయన నాకు మావయ్య అయ్యారు. చివరి రోజుల్లో మోకాలికి ఆపరేషన్ జరిగి, డాక్టరు రోజూ నడవమన్నా వినకుండా బల్ల మీదే కూర్చునేవారు. ఒకరోజు పొద్దువాలుతుండగా వెళ్లాను.

"లేవండి మావయ్యా."

"ఓపిక నేదే. రేపు పొద్దున్న నడుత్తాన్లే."

"పొద్దున్న కాలు అబద్ధాలు చెబుతుంది. చాలొ!"

తిట్టుకుంటూనే నా భుజం పట్టుకుని లేచారు. కిళ్లీ కొట్టు దాటగానే "సాలు" అన్నారు. "ఏమన్నారు, చాలొ అన్నారా? నాకు ఒడియా బాగా వచ్చేసింది మావయ్యా" అన్నాను. వీధి మధ్యలో ఆగి నవ్వారు, ఆ నవ్వుతోనే చివరి దాకా నడిచారు. ఇప్పుడు ఆ కొట్లో ఫోన్ల తొడుగులు అమ్ముతున్నారు.

శనివారం సాయంత్రం దాకా ఆగి, అటక మీంచి నా గేదె మూతి బూట్లు దింపాను. మా అమ్మాయిదీ నా సైజే. "ఇవా! వీటికి మీసాలొక్కటే తక్కువ" అంటూనే వేసుకుంది. "కుడి మడమ దగ్గర కాస్త ఒరుస్తోంది" అంది వెంటనే. నొప్పి చెప్పే విద్య దానికి నేర్పకుండానే వచ్చింది, సంతోషం. మందపాటి మేజోళ్లు ఇచ్చి, గేటు తీసి, వీధి వైపు చెయ్యి చూపించాను. అది ఇక్కడే, బరంపురంలోనే పుట్టి పెరిగింది, దానికి అర్థాలు చెప్పక్కర్లేదు. మలుపు దాకా నడిచి, వెనక్కి తిరిగి, అక్కణ్ణుంచే అరిచింది.

"సాలా అమ్మా?"

"చాలొ!" అన్నాను.