పై నాలుగు మెట్ల కుంటుడు

టైలరమ్మ మెట్లెక్కే తీరు చూస్తే ఎవరికైనా అనుమానం రావాల్సిందే. కింది పదహారు మెట్లూ చకచకా ఎక్కేస్తుంది. పై నాలుగూ మిగిలాయనగానే కమ్మీ పట్టుకుని, "అమ్మా" అని మూలిగి, కుంటడం మొదలుపెడుతుంది. ఆ పైన ఉండేది ఆవిడ తోడికోడలు, వరసకు పెద్దావిడ.

మోకాళ్ళ నొప్పులు ఇద్దరికీ ఇంచుమించు ఒకేసారి పట్టుకున్నాయి. పెద్దావిడ పాతికేళ్ళు హాస్టల్లో నిలబడి వండింది. టైలరమ్మ నలభై ఏళ్ళు కాళ్ళతో మిషను తొక్కింది. ఐదేళ్ళ కిందట ముందుగా ధైర్యం చేసింది పెద్దావిడే. మోకీళ్ళు మార్పించుకోవడానికి ఆస్పత్రిలో తేదీ కూడా తీసుకుని, మూడు వారాలు తోడుండమని అడగడానికి వచ్చింది.

అవి బడులు తెరిచే రోజులు. టైలరమ్మ ఇంట్లో మంచం మీద, మంచం కింద, ఆఖరికి బియ్యం డబ్బా మీద కూడా యూనిఫాం గుడ్డే. కుదరదని చెప్పడానికి నోరు రాలేదు.

"వద్దక్కా," అంది. "కత్తెర పడిన గుడ్డ మళ్ళీ తానులో కలుస్తుందా? దేవుడు కుట్టింది మనం విప్పకూడదు."

"నిజమేనంటావా?"

"నలభై ఏళ్ళుగా కోస్తున్నదాన్ని, నాకు తెలియదా?"

మోకాలికీ జాకెట్టుకీ ఏం సంబంధమే అని అడిగే మనిషి కాదు పెద్దావిడ. తేదీ వదులుకుంది.

తర్వాత టైలరమ్మ మోకాళ్ళూ బొత్తిగా మొరాయించాయి. దొడ్లోకి వెళ్ళాలన్నా గోడ పట్టుకోవాల్సిందే. కూతురు రెక్క పట్టుకుని తీసుకెళ్ళి రెండూ మార్పించింది. వ్యాయామం చేయించే అమ్మాయిని నెల్లాళ్ళు తిట్టిపోసిన టైలరమ్మ, నాలుగో నెలకల్లా బజారు నుంచి నిండు సంచి మోసుకొచ్చింది. అది చూసి పెద్దావిడా ఆస్పత్రికి వెళ్ళింది. ఈలోగా గుండె బలహీనపడిందట. మత్తు ఇవ్వలేమన్నారు. అప్పట్నుంచి మంచం, కిటికీ, ఊతకర్ర, అంతే ఆవిడ లోకం.

ఆ మనిషి కళ్ళ ముందు తిన్నగా ఎలా నడిచేది? అందుకే ఆ కుంటుడు.

ఓ మధ్యాహ్నం టైలరమ్మ అలాగే కుంటుతూ వచ్చి కూలబడింది.

"ఏమే, కింద నుంచి గుర్రంలా వచ్చే కాళ్ళకి నా గుమ్మం దగ్గరే వాతం కమ్ముతుందా?" అంది పెద్దావిడ. "నాకు కాళ్ళే పోయాయి, చెవులు పోలేదు."

టైలరమ్మ మొహం మాడిపోయింది. ఇన్నేళ్ళూ దాచిన ముక్క బయటికొచ్చేసింది.

"ఆ రోజు చెప్పిన గుడ్డ కబుర్లన్నీ ఉత్తవే అక్కా. ఆపరేషన్ గురించి నాకేం తెలుసు? మూడొందల జతలు ఒప్పుకుని కూర్చున్నాను. నీ దగ్గరుంటే అవి ఆగిపోతాయని..."

పెద్దావిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మోకాళ్ళ మీద దుప్పటి సర్దుకుంది.

"ఆ ముక్కే చెప్పుంటే నెల ఆగేదాన్ని కదే," అంది. "నీ పనయ్యాకే వెళ్ళేవాళ్ళం."

ఐదేళ్ళలో ఒక్కసారైనా టైలరమ్మకు ఆ ఆలోచన తట్టలేదు. నెల! ఒక్క నెల!

"పైన డాబా మీద దుప్పట్లు ఆరుంటాయి, తీసుకురా." పెద్దావిడ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. "తిన్నగానే నడువు."

లోపల ఆవిడ వింటోందని తెలిసీ టైలరమ్మ ఒక్కో మెట్టూ చక్కగా ఎక్కింది. మోకాళ్ళలో నొప్పన్నది లేదు. లేదనే ఏడ్చింది.